ఉత్తరం చూడు

మా తమ్ముడి చివరి మాట విన్నది నేనొక్కదాన్నే. ఆసుపత్రి గదిలో అప్పుడు ఇంకెవరూ లేరు. మరదలు మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళింది. వాడు ముఖం మీది మాస్కును కొంచెం పక్కకి లాక్కుని, నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఉత్తరం చూడు" అన్నాడు.

"ఏ ఉత్తరంరా?" అన్నాను.

వాడికి ఊపిరి అందలేదు. కాసేపాగి, "ఒక్కసారి ఉత్తరం చూడు. మర్చిపోకు" అని కళ్ళు మూసుకున్నాడు. మరదలు పైకి వచ్చేసరికి గది నిండా నర్సులు ఉన్నారు. మమ్మల్నిద్దర్నీ బయట నిలబెట్టారు.

వాడు ఏమన్నాడని ఆమె అడిగితే ఉన్నదే చెప్పాను. ఏదో ఉత్తరం ఉందట, చూడమన్నాడు అన్నాను. అలా అనడంలో నాకు ఏ అనుమానమూ లేదు. ఆ మాట వాడి నోట కొత్తది కాదు. హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో వాడు ఇంటికి రాసిన ఉత్తరాల్లో సగం వత్తులు ఉండేవి కావు. నేను ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో వాడికే పంపేదాన్ని. "బెంగగా ఉందని రాస్తే పదికి నాలుగు మార్కులు వేశావేంటే, నువ్వు అక్కవా, పరీక్షల ఆఫీసువా?" అని ఫోన్ చేసి తిట్టాడు. తరువాత అలవాటు పడిపోయాడు. ఉద్యోగానికి దరఖాస్తు రాసినా, పంపు పాడైందని ఇంటివాళ్ళకి రాసినా, తెచ్చి నా ముందు పడేసేవాడు. "అక్కా, ఉత్తరం చూడు." చూడు అంటే దిద్దు అని మా ఇద్దరి మధ్య అర్థం.

నేను బడిలో భాష చెబుతాను. వాడు భూకంపాలు చదివేవాడు. ఇంట్లో వాడి పేరు లేటు. డాక్టరు చెప్పిన తేదీ దాటాక తీరిగ్గా పుట్టాడు. తన పెళ్ళికి తనే ఆఖరున వచ్చాడు. ఇప్పుడు ఆ పేరు నేను పలకను. బ్యాంకు వాళ్ళు పంపిన కాగితంలో వాడి పేరుకు ముందు అదే మాట వేశారు. వాళ్ళకి మా ఇంటి సంగతి తెలియదు కదా.

మరదలూ నేనూ కలిసి వెతకడం మొదలుపెట్టాం. వాళ్ళ ఇంట్లో బీరువాలు, పుస్తకాలు, కోటు జేబులు, సూట్‌కేసు అడుగున పరిచిన కాగితం కింద. కంప్యూటరులో ఉందేమోనని పక్కింటి కుర్రాడి చేత కూడా చూపించాం. ఆపైన నా ఇంట్లో వెతికాం. మరదలే వెతికింది. నా పుస్తకాల అరలో ఒక్కో పుస్తకాన్నీ వీపు పట్టుకుని దులుపుతూ ఉంటే నేను పక్కన నిలబడి కిందపడ్డ బస్సు టికెట్లు ఏరాను. అప్పుడే నాకు కొంచెం అర్థమైంది, ఆమె వెతుకుతున్నది వాడు పెట్టిన చోటు కాదు, నేను దాచిన చోటు అని.

ఒక సెలవురోజు నేను వెళ్ళేసరికి ఆమె హాలు మధ్య నేల మీద కూర్చుని కత్తెరతో తలగడ కుట్టు విప్పుతోంది. కుర్చీల మీదా, టీవీ మీదా దూది.

"ఇదేంటమ్మాయ్?"

"సినిమాల్లో ఇందులోనే కదా వదినా దాస్తారు."

"వాడికి చొక్కా గుండీ కుట్టుకోవడం రాదు. తలగడ విప్పి, దాచి, మళ్ళీ ఇంత సన్నగా కుట్టాడంటావా?"

"అయితే ఎక్కడుందో మీరు చెప్పండి."

రెండో తలగడ అందుకుంది. నేను ఎదురుగా కూర్చుని దూది సంచిలోకి ఎత్తసాగాను.

"దొరికితే నాకు చెబుతారు కదా?" అంది తల ఎత్తకుండా.

"అదేం మాట?"

"ఊరికే అడిగాను. పెళ్ళికి ముందు ఆయన నాకు రాసినవి కూడా మీరే దిద్దారట. ఆయనే చెప్పి నవ్వారు. నేను ఎవరి ఉత్తరాలు చూసి పెళ్ళికి ఒప్పుకున్నానో నాకే తెలీదు."

"వత్తులూ దీర్ఘాలూ తప్ప నేనేం ముట్టుకోలేదు."

"ఈ ఉత్తరం కూడా మీకు దొరికే ఉంటుంది. దిద్దుతూ ఉంటారు. అయిపోయాక ఇస్తారు, నాకేం తొందర లేదు."

నేను దూది ఎత్తుతూనే ఉన్నాను. ఆమె కత్తెర కింద పెట్టింది.

"నాకు రాసింది అయితే నాకే చెప్పేవారు వదినా. నేను పైకి వచ్చేదాకా ఆగేవారు. మీకు చెప్పారంటే మీకు రాసిందే. మీ దగ్గరే ఉంచుకోండి. లోపల ఏముందో చెప్పండి, చాలు. ఒక్క ముక్క చెప్పండి."

నా దగ్గర లేదని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. దొరకలేదని చెప్పాను. అది ఆమె చాలాసార్లు విన్న మాటే.

ఆ తరువాత ఆమె ఫోన్ చేయడం తగ్గింది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. చూపు పరీక్ష చేసి అద్దాలు బిగించి ఇస్తుంది. నాకు చత్వారం పెరిగింది, వెళ్ళాలి. వెళ్ళలేకపోయాను. నా కళ్ళలోకి అంత దగ్గరగా ఆమె దీపం పెట్టి చూస్తుంటే కూర్చోలేననిపించింది.

వాడి పని గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి.

ఒకసారి మా తరగతికి వచ్చి పిల్లలతో మాట్లాడాడు. "భూమి లోపలికి దిగి చూసొచ్చినవాడు లేడు. మనం ఎంత తవ్వినా పైన తొక్క గీకినట్టే. కానీ ఎక్కడో పెద్ద భూకంపం వస్తే ఆ కుదుపు అలలాగా భూమి లోపలినుంచి ప్రయాణం చేసి అవతలి వైపు తేలుతుంది. గట్టి రాతిలో అది పరుగెత్తుతుంది. వేడెక్కి మెత్తబడ్డ రాతిలో కాళ్ళీడుస్తుంది. అది ఎంత లేటుగా వచ్చిందో చూసి, దారిలో ఏం తగిలిందో చెప్పడం నా పని."

వెనక బెంచీ అమ్మాయి లేచింది. "లేటుగా వస్తే బయట నిలబెడతారా సార్?"

"అది మీ టీచరు చేసే పని. నేను కూర్చోబెట్టి, ఎక్కడెక్కడ తిరిగొచ్చావు నాయనా అని అడుగుతాను."

పైన తొక్కకీ, నడుమ ఉన్న లోహపు ముద్దకీ మధ్య మందమైన రాతి పొర ఉంటుంది. మాంటిల్ అంటారు. దాని అట్టడుగున, దాదాపు మూడు వేల కిలోమీటర్ల లోతున, ఒక ఖండమంత మచ్చ ఉందనీ, చుట్టుపక్కల రాయికీ అక్కడి రాయికీ తేడా ఉందనీ ఆ చదువు చదివినవాళ్ళకి ముందే తెలుసు. దాని అంచు ఎక్కడ, అక్కడ రాయి ఎటు కదులుతోంది అన్నదే వాడి వెతుకులాట. ఆ అంచును ఒరుసుకుని వచ్చే అలలు పైకి తేలే చోట వాడికి యంత్రం ఒకటి కావలసివచ్చింది. ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. మా బడి ఉన్నది రాతి గుట్ట మీద. అలా మా స్టోరు గదిలోకి వచ్చింది అది. ప్రెషర్ కుక్కరంత గుండ్రటి ఉక్కు డబ్బా. నేల మీద సిమెంటు దిమ్మ కట్టించి దాని మీద కూర్చోబెట్టాడు. మరదలు దాన్ని కుక్కరనే అనేది. గది తాళం నాకిచ్చాడు. "ఇంటర్వెల్ గంట కొట్టాక మీ పిల్లలు పరుగెత్తే పరుగు నాకు అక్కడ కనిపిస్తుంది అక్కా. నీ క్లాసు పిల్లలే అందరికంటే ముందు బయటపడతారు" అని నన్ను ఏడిపించేవాడు.

వాడికి రెండు సంగతులు దొరికాయి. ఆ మచ్చ గుండా వచ్చిన అలలు అనుకున్నదానికంటే ఏడు సెకన్లు ఆలస్యంగా వస్తున్నాయి. ఇది మొదటిది. రెండోది వాడికి ఎక్కువ ఇష్టమైనది. ఒక్కటిగా బయలుదేరిన అల రెండుగా చీలి, ఒకదాని వెనక ఒకటి వస్తోంది. చెక్కను నిలువునా చీలిస్తే సులువుగా చీలుతుంది, అడ్డంగా అయితే మొండికేస్తుంది. రాయి కూడా ఒక వైపుకి సాగి ఉంటే అంతే. అల చీలిందంటే అక్కడ రాయి ఒక వైపుకి పారుతోందని అర్థం. ఎటు పారుతోందో కూడా వాడు చెప్పగలిగాడు. ఆ వ్యాసం పత్రికకు పంపాక జ్వరం అని పడుకున్నాడు.

వాడి స్నేహితుడొకడు ఆ వ్యాసంలో భాగస్థుడు. వేళ తప్పడు కాబట్టి వాడతనికి గడియారం అని పేరు పెట్టాడు. లేటూ గడియారమూ కలిసి ఎలా పని చేస్తార్రా అని మేం నవ్వేవాళ్ళం. ఆ గడియారం మొన్న ఫోన్ చేసి, యంత్రం చూడటానికి వస్తానన్నాడు. పదింటికి అన్నాడు, పదింటికే బడి గేటు దగ్గర ఉన్నాడు. భుజానికి ఒక బరువైన పెట్టె.

"మీ తమ్ముడైతే ఈపాటికి ఇంకా స్నానం చేస్తూ ఉండేవాడు" అన్నాడు నడుస్తూ. అన్నాక తనే ఆగిపోయాడు.

"స్నానం కాదు. ఇంకా సబ్బు వెతుక్కుంటూ ఉండేవాడు" అన్నాను.

స్టోరు గది వసారా చివర ఉంటుంది. విరిగిన బెంచీలు, పాత మ్యాపులు, ఇనుప బీరువాలు దాటి వెళ్ళాలి. వాడు పోయాక నేను ఆ తలుపు తీయలేదు. తాళంచెవి పెట్టి, "ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను. రెండో పీరియడు నాకు క్లాసు ఉంది.

"పెద్ద పనేం కాదక్కా. ఉత్తరం చూసి వెళ్ళిపోతాను."

తాళంచెవి తిప్పలేదు నేను.

"ఏం చూసి?"

"ఉత్తరం అక్కా. ఆ డబ్బా మీద బాణం గుర్తు ఉంటుంది చూడండి, అది సరిగ్గా ఉత్తరం వైపు ఉండాలి. లేకపోతే అల ఏ పక్కనుంచి ఊపిందో మాకు తప్పుగా తెలుస్తుంది. పత్రికవాళ్ళు అడిగారు, ప్రతి స్టేషనులోనూ దిక్కు సరిచూశారా అని. ఏమైందక్కా?"

ఆరో తరగతికి ప్రతి ఏడూ నానార్థాలు చెబుతాను. ఉత్తరం: ఒక దిక్కు, జాబు, సమాధానం. నా చేత్తోనే బోర్డు మీద రాస్తాను. వాక్యంలో పెట్టి చూస్తేగానీ ఏ అర్థమో తేలదని పిల్లలకు చెబుతాను. వాడికి వాక్యం పూర్తి చేసే ఊపిరి లేకపోయింది. మిగతా వాక్యం నేనే కల్పించుకున్నాను.

"ఏం లేదు" అని తలుపు తీశాను.

గదిలో దుమ్ము వాసన. డబ్బా వాడు పెట్టిన చోటే ఉంది. దాని పక్కన ఆకుపచ్చ దీపం నిదానంగా వెలిగి ఆరుతోంది. గడియారం మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె తెరుస్తుంటే అడిగాను.

"వాడు నీతో ఎప్పుడైనా దీని గురించి అన్నాడా?"

అతను పెట్టెలోంచి తీగలు బయటికి తీసి చిక్కు విడదీస్తూ కూర్చున్నాడు.

"అన్నాడు. ఆసుపత్రిలో చేరక ముందే. 'మా అక్క బడి కొంచెం పక్కచూపులు చూస్తోందిరా, ఓసారి వెళ్ళి చూడాలి' అన్నాడు. వెళ్దాంలే అన్నాను. ఆ తరువాత వాడే లేడు. నాకు మనసొప్పలేదక్కా. చూస్తే ఏం తేలుతుందో అని. చూడకపోతే అంతా సరిగ్గా ఉన్నట్టే కదా, అలా అనుకుని ఊరుకున్నాను."

"అసలు వాడు దీన్ని దేన్ని బట్టి పెట్టాడు?" అని అతనే మళ్ళీ అడిగాడు. "దిక్సూచి ఈ గదిలో పని చెయ్యదు. ఇంత ఇనుము."

ఆ సంగతి నాకు తెలుసు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. దిక్సూచి ముల్లు తాగినవాడిలా ఊగింది. వాడు విసుక్కుని కిటికీలోంచి బయటికి చూశాడు. మా బడి ఆవరణలో నేల మీద రంగులతో వేసిన పెద్ద దిక్కుల చక్రం ఉంది, ఎనిమిది కోణాల నక్షత్రంలాగా. వాడు ఈ బడిలోనే చదివాడు. ఏది తూర్పో ఏది పడమరో ఆ నక్షత్రం మీద గెంతుతూనే నేర్చుకున్నాడు. ఆవరణ నుంచి కిటికీలోకి దారం లాగి నక్షత్రంలోని ఉత్తరపు బాణానికి సమాంతరంగా గీత గీశాడు. బయటి కొస నేనే పట్టుకున్నాను. "ప్రస్తుతానికి ఇది చాలు, తరువాత మంచి పరికరం తెచ్చి సరిచూస్తాను" అన్నాడు. తరువాత అన్న మాట వాడికి అన్నం, నీళ్ళు లాంటిది.

గడియారం కిటికీ దగ్గరికి వెళ్ళి నక్షత్రాన్ని చూశాడు. దాని గీతలు బడి గోడలకు సరిగ్గా సమాంతరంగా ఉన్నాయి.

"ఎవరు వేశారు?"

"పాత డ్రాయింగు మాస్టారు."

"గోడని చూసి వేశాడు" అన్నాడు నెమ్మదిగా. "వంకరగా ఉంటే బాగుండదని."

అతను తెచ్చిన పెట్టెకి ఇనుముతో పని లేదట. భూమి తిరుగుడును బట్టి ఉత్తరం ఎటో కనిపెడుతుంది. దాన్ని డబ్బా పక్కన పెట్టి, ఎవరూ నడవకూడదన్నాడు. ఇద్దరం గోడకి ఆనుకుని నిలబడ్డాం. మధ్యలో హెడ్‌మిస్ట్రెస్ వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఏం టీచర్‌గారూ, మీ తమ్ముడిగారి సామాను ఖాళీ చేస్తున్నారా? ఇక్కడ కొత్త బెంచీలు పెట్టించాలని చూస్తున్నాను."

"ఖాళీ కాదు మేడం. ఉత్తరం ఎటుందో చూస్తున్నారు."

"అదేంటి, బయట అంత పెద్ద బాణం వేసుంటే!"

పెట్టె మీద అంకె వచ్చింది. పదకొండు డిగ్రీలు. అతను మళ్ళీ పెట్టి చూశాడు. అదే వచ్చింది.

"అంటే ఇన్నేళ్ళూ పిల్లలకి తప్పు ఉత్తరం నేర్పామా?" అంది హెడ్‌మిస్ట్రెస్. గడియారం అవునన్నాడు. ఆమె నోరు తెరిచి, మూసి, "ఇన్‌స్పెక్షన్ వాళ్ళకి చెప్పకండి" అని వెళ్ళిపోయింది.

అతను విరిగిన బెంచీ మీద కంప్యూటర్ తెరిచి ఒక పాత భూకంపం తీశాడు. తెర మీద రెండు గీతలు, డబ్బా పట్టే ఒక్కో దిక్కు ఊపుకి ఒకటి. పై గీతలో పెద్ద అల లేచి ఉంది. కింది గీతలో దాని వెనకే మరొక చిన్న గుట్ట.

"ఇదే మీ తమ్ముడి రెండో అల. ఇప్పుడు డబ్బాని లెక్కలో పదకొండు డిగ్రీలు తిప్పుతాను. దీన్ని కదపక్కర్లేదు. ఎంత పక్కకి ఉందో తెలిస్తే చాలు, మిగతాది లెక్కలో సరిచేసుకోవచ్చు."

మీట నొక్కాడు. కింది గీత మీద గుట్ట చదునైపోయింది. అక్కడ ఏదో ఉండేదని తెలియనివాళ్ళకి తెలియదు. అతను ఇంకో భూకంపం తీశాడు, మరొకటి తీశాడు. అన్నీ అలాగే అయ్యాయి.

"ఆలస్యం?" అన్నాను.

"అది నిలుస్తుంది. డబ్బా ఎటు తిరిగున్నా ఏడు సెకన్లు ఏడు సెకన్లే. మచ్చ ఉంది, అంచు వాడు గీసిన చోటే ఉంది. చీలిక పోయింది. డబ్బా వంకరగా ఉండటంతో ఒకే అల కొంత పక్క గీతలోకి ఒలికింది. మెల్లకన్నుకి ఒకటి రెండుగా కనబడ్డట్టు కనబడింది మాకు."

కంప్యూటర్ మూసి దాని మీద చెయ్యి వేశాడు.

"నా వల్ల కావట్లేదక్కా. ఈ బడి లెక్కంతా చప్పుడు లేకుండా తీసేయొచ్చు. అప్పుడు ఆలస్యం కూడా పోతుంది, వాడి పనిలో ఏమీ మిగలదు. లేదంటే తప్పు జరిగిందని రాయాలి. యంత్రం పెట్టింది వాడు కాబట్టి అది వాడి పేరు మీదే పడుతుంది. వాడికి ముందే అనుమానం వచ్చిందని నేను రాస్తే, స్నేహితుడు వెనకేసుకొస్తున్నాడంటారు. ఇంకెవరితోనైనా అన్నాడేమో నాకు తెలీదు."

రెండో పీరియడు గంట కొట్టారు. పిల్లలు వసారాలో పరుగెత్తారు. డబ్బా పక్కన దీపం అలాగే వెలిగి ఆరుతోంది.

అతనితో చెప్పకుండా ఉండగలిగేదాన్నే. చెప్పకపోతే ఎక్కడో ఏ పుస్తకంలోనో ఒక ఉత్తరం ఇంకా ఉంటుంది. మరదలు నన్ను అనుమానిస్తూనే ఉంటుంది, కానీ ఆమెకి ఒక ఉత్తరం ఉంటుంది. నాకూ ఉంటుంది. దాంట్లో వాడు రాసి ఉండగల వాక్యాలు ఇన్నాళ్ళుగా నేను చాలా అల్లుకున్నాను. వాటిలో వత్తులు కూడా వాడిలాగే తప్పుగా వేసుకున్నాను.

"నాతో అన్నాడు" అన్నాను.

"ఎప్పుడు?"

"ఆఖరి రోజున. ఉత్తరం చూడమన్నాడు. మర్చిపోవద్దన్నాడు. నాకు అర్థం కాలేదు."

గడియారం నా వైపు చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"అది రాయొచ్చా అక్కా? దోషం రచయితే గమనించి సరిచూడమన్నాడని?"

"రాయొచ్చు. ముందు నేను ఒకరికి చెప్పాలి. ఆగు."

ఆ సాయంత్రం మరదలు దుకాణం నుంచి వచ్చే వేళకి వాళ్ళ మెట్ల మీద కూర్చున్నాను. ఆమె నన్ను చూసి ఆగి, "దొరికిందా?" అంది. పలకరింపు లేదు, ఏమీ లేదు. నేను లోపలికి పదమన్నాను.

హాల్లో ఓ మూల దూది సంచీ, దాని మీద ఖాళీ తలగడ గలీబులు అలాగే ఉన్నాయి. చాపలాగా చుట్టిన దుప్పటి తల కింద పెట్టుకుని పడుకుంటోందని చూస్తే తెలుస్తోంది.

"ఉత్తరం లేదమ్మాయ్."

"దొరకలేదనా, లేదనా?"

"లేదు. వాడన్నది దిక్కు గురించి. ఉత్తరం దిక్కు. స్టోరు గదిలో యంత్రం సరైన వైపు ఉందో లేదో చూడమన్నాడు."

ఆమెకి వెంటనే అందలేదు. బడిలో జరిగింది మొదటినుంచి చెప్పాను. దారం సంగతి, నక్షత్రం సంగతి, చదునైపోయిన గుట్ట సంగతి. ఆమె చేతిసంచీ భుజానికి ఉండగానే నిలబడి వింది. అంతా అయ్యాక నవ్వింది. వినడానికి బాగాలేని నవ్వు.

"ఆయన పోయేముందు అన్నది ఆ కుక్కరు గురించా?"

"అవును."

"నన్ను గురించి ఏమీ అనలేదు."

"నన్ను గురించీ అనలేదు."

"మీ చెయ్యి పట్టుకున్నారుగా."

ఆమె వంటగదిలోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగొచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"నేను మందులకి వెళ్ళకుండా అక్కడే ఉంటే, నాకు చెప్పేవారా?"

అవునని అందామనుకున్నాను. తేలికైన మాట.

"గది తాళం నా దగ్గరుంది. అందుకని నాకు చెప్పాడు. నీ దగ్గర ఉండి ఉంటే నీకే చెప్పేవాడు."

ఆమె ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నట్టు కనిపించింది. తరువాత, "ఎంత పక్కకి ఉంది?" అంది.

"పదకొండు డిగ్రీలు."

"పదకొండా!" అంది. అది దుకాణంలోని గొంతు. "కొన్ని అద్దాలకి కోణం ఉంటుంది వదినా. పదకొండు డిగ్రీలు తప్పుగా బిగిస్తే మనిషి మెట్లు దిగలేడు. మర్నాడు పొద్దున్నే దుకాణానికి వచ్చి నన్ను తిడతాడు." ఆగింది. "ఆయనకి తెలిసిపోయిందన్నమాట."

"తెలిసింది. గడియారం ఆ మాట రాస్తానంటున్నాడు, వాడే గమనించాడని. నీకు చెప్పకుండా రాయొద్దన్నాను."

"రాయనివ్వండి. చీలికో ఏదో పోయిందన్నారు కదా, ఆయనకి అదే ఇష్టం. రోజూ అదే చెప్పేవారు. నాకు సగం అర్థమయ్యేది కాదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అతను రాసింది మీరు దిద్దుతారా?"

"అది నాకు వచ్చిన భాష కాదు."

"బతికిపోయాడు."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"నేను మిమ్మల్ని చాలా మాటలన్నాను."

"అన్నావు."

"మీరు తిరిగి ఒక్కటీ అనలేదు."

"లోపల అన్నానులే."

ఆమె లేచి దూది సంచీ లాక్కొచ్చింది. సూదీ దారమూ తెచ్చింది. సాయంత్రపు వెలుతురులో నాకు సూది కన్ను కనిపించక ఆమె వైపు చాపాను. ఆమె దారం ఎక్కించి ఇచ్చి, "చత్వారం పెరిగింది. రేపు దుకాణానికి రండి" అంది. ఇద్దరం గలీబుల్లోకి దూది కూరడం మొదలుపెట్టాం. ఎంత కూరినా వెనకటి అంత రాలేదు, ఒక మూల గడ్డకట్టి మరో మూల ఖాళీగా మిగిలింది.

"నిజంగా దిక్కేనంటారా వదినా?"

"దిక్కే."

నేను సూది గుచ్చబోయాను. ఆమె, "ఒక్క నిమిషం" అని, కుట్టు వేయని వైపు నుంచి మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, దూదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నెమ్మదిగా వెతికింది. నేను సూది పట్టుకుని ఆగాను.